కర్త లేని తీర్మానములు

మేము సభ్యులుగా నున్న యుపాధ్యాయసంఘ మొకటి గడచిన యేడు తన వార్షికసభను ఒంగోలులో జరిపినది. కొత్తపట్నమునుండి ఒంగోలు దూరప్రయాణము కాదు. ఉదయము బస్సెక్కినవాడు గంటలోపల దిగవచ్చును. అయినను మా గ్రామప్రాంతమునుండి ఆనాడు వెళ్లినవారు ముగ్గురే. పది గంటలకని పత్రికలో నచ్చొత్తించిన సభ పదకొండున్నరకు మొదలైనది. అప్పటికి ముందటి మూడు వరుసలు మాత్రము నిండియుండెను; అందు రెండు వరుసలు వేదిక నెక్కి దిగువారివే. భోజనములైన పిమ్మట తీర్మానములు చదువు వేళకు, అద్దెకుర్చీలవారి కుర్రవాడు వెనుకనుండి యొక్కొక్క వరుసయే తీసి, కుర్చీలో కుర్చీ దోపి పేర్చుకొనుచుండెను. వాని నెవ్వరును వారింపలేదు.

కార్యదర్శిగారు తమ నివేదికలో సభకు వచ్చువారి సంఖ్య యేటేట తగ్గుచున్నదని విచారము వెలిబుచ్చిరి. అధ్యక్షులవారు నేటి యుపాధ్యాయులలో వృత్త్యభిమానము సన్నగిల్లినదని మందలించిరి. ఆ మందలింపును విన్నవారు వచ్చినవారు, వినవలసినవారు రానివారు. తరగతికి వచ్చిన పిల్లలను నిలువబెట్టి, రాని పిల్లలకై వారిని కోపించు నుపాధ్యాయుని చదువరు లెఱుగుదురు. ఆ పని మేమును జేసియున్నాము. దానివలన రాని పిల్ల వాడొక్కడును రాలేదు. వచ్చినవారిలో నొకరిద్దరు మఱునాడు మానిరి.

ఈ వ్యాసమున మేము రానివారిని విమర్శింపబోము, సభనే విమర్శింతుము. గ్రంథమునకు పాఠకులు లేరన్నప్పుడు, పాఠకులను దూషించుటకు ముందు గ్రంథమును తెఱచి చూచుట విమర్శకుని ధర్మము. వార్షికసభయు నొక గ్రంథమే. ఆహ్వానపత్రిక దానికి ముఖపత్రము, అధ్యక్షోపన్యాసము పీఠిక, నివేదికయు తీర్మానములును ప్రకరణములు. ఏటేట వెలువడు నీ గ్రంథమును మన పత్రికలలో నెవ్వరును సమీక్షించినట్లు మాకు గుర్తులేదు. అది చదువదగినదై యున్నదా? మేము విచారింపదలచిన దింతమాత్రమే.

ముందుగా నొక యపోహను తొలగింపవలసియున్నది. పూర్వులకు శ్రద్ధ యుండెననియు, నేటివారికి సుఖము మరగినదనియు నందఱు నందురు. ఈ మాటకు సాక్ష్యముగా మా కొత్తపట్నమునే చూపువారు గలరు. 1937 వేసవిలో నిచట సముద్రతీరమున రాజకీయపాఠశాల యొకటి వెలసినది. కాంగ్రెసులోని సామ్యవాదులు దానిని నెలకొల్పిరి. మద్దూరి అన్నపూర్ణయ్యగారు దానికి ప్రధానాచార్యులు. అది చెన్నరాజధానిలో కూర్మా వెంకటరెడ్డినాయుడుగారి తాత్కాలికమంత్రివర్గము నడచుచుండిన కాలము. ప్రభుత్వము పాఠశాలను నిషేధించినది. అయినను విద్యార్థులు తరలలేదు; పోలీసులు లాఠీలు ప్రయోగించిరి. ఆనాటి మాట యిప్పటికిని మా యూర వినబడుచునే యుండును.

తాతలు వీరులు, మనుమలు సోమరులు అను తీర్పునకు ఈ కథ సాక్ష్యము కాదని మా యభిప్రాయము. వేసవియెండలో నా యువకులు వచ్చినది సుఖమునకు కాదు, నిజమే. కాని కష్టముపై ప్రీతిచేతను రాలేదు. అక్కడ తప్ప వేఱెచ్చటను దొరకని దొకటి యక్కడ గలదని నమ్మి వచ్చిరి. పాఠశాలను నిషేధించి ప్రభుత్వము సైతము వారి నమ్మకమును బలపఱచినది. అచ్చట చెప్పు మాటకు బరువు గలదని దానంతట తానే యొప్పుకొన్నది. మా సంఘపు వార్షికసభను నిషేధింపవలెనని నేడే ప్రభుత్వమునకును తోచదు. ఇది మా సభ్యుల సోమరితనమునకు గుర్తో, మా సభ తేలికతనమునకు గుర్తో చదువరులే యూహింతురు గాక.

న్యాయముగా జూచినచో రానివారికి నిజమైన కారణములు గలవు. ఆఱు దినములు బడిలో గడపి, ఏడవనాడు ఇంటిపని ముగించుకొని, ఒంటిగంటకు ముందు గడప దాటలేని యుపాధ్యాయినులు మాలో నెందఱో కలరు. సభావేళను నిర్ణయించువారిలో నట్టివా రొక్కరును లేరు. ఇది గాక మఱియొక మార్పు వచ్చినది. పూర్వము సభకు పోయిన గాని తెలియని సంగతులు కొన్ని యుండెడివి: బదిలీల నియమములు, జీతముల సవరణ, పాఠ్యపుస్తకముల మార్పు, అధికారుల మనోగతము. అవి తెలిసికొనుటకైన జనులు వచ్చెడివారు. నేడు ప్రభుత్వోత్తరువు సంతకపు తడి యాఱకముందే చరవాణిలోని వాట్సాపులో ప్రత్యక్షమగుచున్నది. 2020లో కోవిడు వచ్చి సభలను తెరమీదికి మార్చిన పిదప, ఇల్లు కదలక సభ వినుట గూడ నలవాటైనది.

ఈ మార్పు మనకే కలిగినది కాదు. అమెరికాలో 1883లో పుట్టిన ఆధునికభాషాసంఘమునకు సాహిత్యాచార్యుల లోకమున గొప్ప ప్రతిష్ఠ గలదు. దాని వార్షికసభకు చిరకాలము వేలమంది వచ్చెడివారు. కళాశాలలలో కొలువు గోరు యువపండితులను పరీక్షించు ముఖాముఖి సంభాషణలు ఆ సభలయందే జరుగుట యిందు కొక ముఖ్యకారణము. ఆ సంభాషణలు దూరదర్శనయంత్రములమీదికి మారగానే సభయు పలుచబడినది. అచ్చటి పండితులకు సాహిత్యాభిమానము ఒక్కపెట్టున నశించినదని యనగలమా? వారిలో ననేకులు వచ్చినది యుద్యోగమునకు; ఉద్యోగము వేఱుచోట దొరకిన పిమ్మట వారు రాలేదు. ఆ దేశమునందే బడిపిల్లల తల్లిదండ్రులును ఉపాధ్యాయులును గూడిన సంఘమున 1964లో 1 కోటి 20 లక్షలకు మించి సభ్యులుండగా, 1982 నాటికి వారు 50 లక్షలకు దిగిరని రాబర్టు పట్నము అను సాంఘికశాస్త్రజ్ఞుడు లెక్కచూపెను. ఇంటింట వెలసిన దూరదర్శనము, తరము మారుట మొదలగు కారణముల నాతడు చర్చించెను.

ఇట్టి విషయములు మనకు చెప్పుచున్న దేమి? వార్తలకొఱకు సభ యక్కఱలేదు, కొలువుకొఱకు నక్కఱలేదు, ఉపన్యాసము వినుటకు నక్కఱలేదు. ఇవి యన్నియు తొలగిపోగా సభకు మిగిలిన పని యేది? పదిమంది యెదురెదుట గూర్చుండి, ఒకరి నొకరు ప్రశ్నించుకొని, ఒక పనిని తమ నెత్తిన వేసికొనుట. ఈ పని చరవాణి చేయలేదు. సభ యీ పనిని చేయుచున్నచో జనులు వత్తురు. చేయనిచో రారు, వచ్చినను కుర్చీలు పేర్చు కుర్రవానికంటె ముందే లేచిపోవుదురు.

ఇక గ్రంథమును తెఱతము.

మొదట ఆహ్వానపత్రిక. గడచిన సభకు మాకు వచ్చిన పత్రిక మా యెదుట నున్నది. అందు పేర్లు ముప్పదికి మించి యున్నవి. ప్రతి పేరునకు ముందొక విశేషణము, వెనుక నొక పదవి. అతిథులు, విశిష్టాతిథులు, ఆత్మీయాతిథులు అని మూడు తెగలుగా వారిని విభజించిరి. సభలో చర్చింపబోవు విషయ మొక్కటియు నందు లేదు. శుభలేఖకు వధూవరుల పేళ్లెట్టివో సభాపత్రికకు చర్చనీయాంశము లట్టివి. వధూవరులను విడిచి పందిరివేయువారిని, మేళగాండ్రను, వడ్డించువారిని మాత్రము పేర్కొన్న శుభలేఖను చూచి యెవ్వడు పెండ్లికి పోవును?

పిమ్మట అధ్యక్షోపన్యాసము. గురువు పరబ్రహ్మమని మొదలిడి, గురువు జీతమున ముగియుట దాని సంప్రదాయము. జీతమును గూర్చి మాటాడుట తప్పని మేమనము. ఆకలిగొన్న గురువు పరబ్రహ్మమని చెప్పినంత మాత్రమున తృప్తిపడడు. మా యాక్షేపణ వేఱు. అచ్చుపడిన యా యుపన్యాసమున 'ఉపాధ్యాయ' శబ్దమున్న తావుల నెల్ల 'వైద్య' శబ్దమును జేర్చి మేము చదివి చూచితిమి. రెండుచోట్ల తప్ప నర్థమెచ్చటను చెడలేదు. 'వైద్యుడు జాతినిర్మాత, వైద్యునకు సంఘమున పూర్వపు గౌరవము లేదు, వైద్యులు సంఘటితులు కావలెను' - అన్నియు చక్కగా కుదిరినవి. తర్కశాస్త్రమున నిట్టి దోషమును అతివ్యాప్తి యందురు. ఆవునకు కొమ్ములుండునని లక్షణము చెప్పినవాడు అబద్ధ మాడలేదు. కాని గేదెనుండి యావును వేఱుచేయలేదు. మా వృత్తిని మఱియొక వృత్తినుండి వేఱుచేయని యుపన్యాసము మమ్ము గూర్చినది కాదు. తన్ను గూర్చి కాని మాటను వినుటకు ఆదివారము చెడగొట్టుకొనుట యెట్టి శ్రద్ధావంతునకైనను కష్టమే.

కడపట తీర్మానములు. మా ముఖ్యమైన యాక్షేపణ వీనిమీదనే. వీని వ్యాకరణమును చూడుడు: 'తగు చర్యలు తీసుకొనబడవలెనని కోరబడినది', 'పరిశీలింపబడునని ఆశింపబడినది', 'ఏకగ్రీవముగా తీర్మానింపబడినది'. సంస్కృతమున కర్మణిప్రయోగము విరివిగా గలదు. కాని యందు కర్త మాయమైపోడు. తృతీయావిభక్తి ధరించి 'రామునిచేత' నని ప్రక్కన నిలుచును. ఇంగ్లీషువారును కర్మణివాక్యమున చేసినవానిని చెప్పదలచినచో తగు పదము నుంచుకొనిరి. మన సభల తెలుగు 'బడు' ధాతువును మాత్రము గైకొని 'చేత' ప్రత్యయమును దిగవిడిచినది. కోరిన దెవరు? చేయవలసిన దెవరు? ఎప్పటిలోపల? అడుగుటకు వాక్యమున చోటు లేదు. పదవ తరగతి పిల్లవాడు కర్త లేక వాక్యము వ్రాసిన నెఱ్ఱసిరాతో గీయు నుపాధ్యాయులమే, ఇట్టి వాక్యములకు చేతులెత్తి చప్పట్లు కొట్టుచున్నాము.

ఇది పండితులకు మాత్రము పట్టిన వ్యాకరణవివాదమని చదువరులు తలపవచ్చును. కాదని చెప్పుటకు మేము కన్నార జూచిన సంగతి యొకటి చెప్పెదము.

అంతకు ముందటి యేటి సభకు మా జిల్లా పడమటి మెట్టసీమనుండి యొక యుపాధ్యాయిని వచ్చినది. రాత్రి బస్సులో ప్రయాణము చేసి తెల్లవాఱునప్పటికి ఒంగోలు చేరినదట. ఆమె చేతిలో నొక కాగితముండెను. అందు పందొమ్మిదిమంది పిల్లల పేర్లు, వయస్సులు, తరగతులు, ప్రతిపేరున కెదురుగా నొక గ్రామము పేరు వ్రాసియుండెను. వారి తల్లిదండ్రులు సంక్రాంతి దాటిన పిమ్మట గుంటూరు, పల్నాడు ప్రాంతములకు మిరపకోతలకు పోవుదురు. ఇంట విడిచిపోవుటకు ముసలివారు లేనివారు పిల్లలను వెంట గొనిపోవుదురు. చేనిగట్టున గుడిసె, పెద్దపిల్ల పసిబిడ్డ నెత్తుకొనును, మగపిల్లవాడు కాయ కోయును. ఘాటుకు చేతులు మండుచుండును. వేసవిలో వారు తిరిగి వచ్చునప్పటికి బడిలో పరీక్షలు ముగియును. రెండేండ్లిట్లు జరిగిన పిల్ల మూడవయేడు బడిముఖము చూడదు.

ఆమె ప్రభుత్వమును నిందింపలేదు, ధనము నడుగలేదు. ఆమె చెప్పిన దిది: 'పిల్లలు బయలుదేఱు నూరను మన సంఘసభ్యుడున్నాడు, చేరు నూరను మన సంఘసభ్యుడున్నాడు. ఇక్కడివాడు అక్కడివానికి ముందుగా నొక యుత్తరము వ్రాసి, అక్కడివాడు గుడిసెకు పోయి పిల్లను పిలిచి, ఆ మూడు నెలలు తన తరగతిలో గూర్చుండబెట్టుకొనిన చాలును.' చట్టమును దీని కడ్డురాదు. బదిలీపత్రము రాలేదను కారణమున పిల్లను చేర్చుకొనుటకు జాప్యము చేయరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. వలయునది పరిచయము, ఉత్తరము, ఒక సాయంకాలపు నడక. ఇరుజిల్లాల యుపాధ్యాయులు ఒక చోట గూడు వార్షికసభ తప్ప ఈ పనికి తగిన తావు వేఱొకటి గలదా?

ఆమె మూడు నిమిషములు మాటాడునప్పటికి వేదికమీదినుండి గంట మ్రోగినది. ఆత్మీయాతిథి యొకరు వేఱొక సభకు పోవలసియున్నదట. 'మీ భావము గ్రహించితిమి, తీర్మానములలో జేర్చెదము' అని అధ్యక్షులవారు సెలవిచ్చిరి, శాలువలు తెప్పించిరి. మాట తప్పలేదు. సాయంకాలము ఎనిమిదవ తీర్మానముగా నిట్లు చదివిరి: 'వలస కుటుంబముల పిల్లల విద్యాభివృద్ధికై తగు చర్యలు తీసుకొనబడవలెనని తీర్మానింపబడినది.' పందొమ్మిది పేర్లు నందుండి తొలగిపోయినవి. గ్రామముల పేర్లు తొలగిపోయినవి. ఉత్తరము తొలగిపోయినది. కర్త లేని వాక్యము మిగిలినది.

గడచిన సభకు ఆమె రాలేదు. తరువాత నొక శిక్షణతరగతిలో కనబడినప్పుడు, "ఏమమ్మా, ఈసారి సభలో కనబడలేదే?" అని యడిగితిమి.

"వచ్చి ఏం చెప్పను మాస్టారూ? చెప్పవలసిందంతా ముందటేడే చెప్పాను. రాసుకున్నారు కూడాను. రాసుకున్నాక ఏమైందో చెప్పేవాళ్లుంటే వస్తాను" అని యామె చెప్పినది. ఆ మాటలో కోపము లేదు. కోపమున్నచో మాకు కొంత సులభముగా నుండెడిది.

ఆమెకు వృత్త్యభిమానము సన్నగిల్లినదని యనుటకు మాకు నోరాడదు. ఇంకొక సంగతియు దాపఱికము లేక చెప్పవలెను. గంట మ్రోగిననాడు మేమును ఆ సభలో రెండవ వరుసలో నుంటిమి. 'ఆమెను ముగింపనిండు' అని యొక్కమాట యన్నచో సభ మా మాట వినియుండును. మేమనలేదు. అతిథిగారికి బస్సు దాటిపోవునేమో యని సంకోచించితిమి. కావున నీ విమర్శ వేదికమీదివారిపై మాత్రమే కాదు. కర్త లేని తీర్మానమునకు చేయెత్తిన ప్రతివాడును అందలి దోషమునకు కర్తయే.

తీర్మానములన్నియు నిట్టివేనా? కావు. మన ప్రాంతమునందే వేఱువిధమైన సభలు జరిగినవి. 1913లో బాపట్లలో ప్రథమాంధ్రమహాసభ కూడినది, బి. ఎన్. శర్మగా రధ్యక్షులు. ప్రత్యేకాంధ్రరాష్ట్రమును గూర్చిన ప్రశ్న యచ్చట గట్టి వివాదమునకు వచ్చినది. వద్దనువారు, ఇప్పుడు వద్దనువారు పెక్కురుండిరి. సభ వారి నోరు మూయింపలేదు; మెత్తని వాక్యము నొకటి వ్రాసి యందఱిచేతను చప్పట్లును కొట్టింపలేదు. ప్రజాభిప్రాయమును తెలిసికొని రావలెనని నిశ్చయించినది. కొండ వెంకటప్పయ్యగారు మొదలగువారు జిల్లాలు తిరిగి జనులతో మాటాడిరి. 1914లో న్యాపతి సుబ్బారావుగారి యధ్యక్షతను బెజవాడలో గూడిన ద్వితీయమహాసభ రాష్ట్రమును గోరుచు తీర్మానించినది. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1వ తేదీన వచ్చినది. ఫలము ఆలస్యముగా వచ్చిన సంగతి యటుంచుడు. రెండు సభల నడుమ నొక యేడు పని జరిగినది. రెండవ సభకు పోవువాడు మొదటి సభలో మిగిలిన ప్రశ్న యేమైనదో తెలిసికొనగోరి పోయెడివాడు. హాజరునకు మూల మిదియే.

ఆ 1914లోనే ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయసంఘమును స్థాపించిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగా రధ్యక్షులు. అయ్యంకి వెంకటరమణయ్యగా రందు ప్రధానముగా పాటుపడినవారు. గ్రంథాలయములు నడపువారు కూడిన మొదటి సంఘములలో నిది యొకటి. 'గ్రంథాలయములు వృద్ధి చేయబడవలెను' అని కోరి వారిండ్లకు పోలేదు. 'గ్రంథాలయసర్వస్వము' అను పత్రికను నడపిరి, ఊరూర తిరిగిరి. ఆ యుద్యమమునందే 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున పెదవడ్లపూడినుండి పుస్తకములను పడవలోనికెక్కించి కాలువపొడవున గ్రామములకు పంపిరి. చదువరి గ్రంథాలయమునకు రాకున్న గ్రంథాలయమే చదువరి యొద్దకు పోయినది. రానివాడెందుకు రాలేదని తిట్టుటకును, వాని గట్టునకు పడవ నడపుటకును గల భేదమును మా సంఘనాయకులు గమనింతురు గాక.

'పెద్దసభలకు నేటికిని వేలమంది వచ్చుచున్నారు గదా. మన సభయు పెద్దదైన వత్తురు' అనువారును గలరు. పెద్దతనము మందు కాదనుటకు భారత విజ్ఞానమహాసభ చాలును. 1914 జనవరిలో కలకత్తాలో ఆశుతోష ముఖర్జీగారి యధ్యక్షతను అది మొదట కూడినప్పుడు వచ్చినవారు 105 మంది; చదివిన పత్రములు 35. నూఱేండ్లకు అది వేలాది జనులు కూడు తిరునాళ్లయైనది. మన తిరుపతిలో 2017లో దాని 104వ సమావేశము జరిగినది. కాని జనులు పెరిగిన కొలది శాస్త్రచర్చ తఱిగినదను నాక్షేపణయు పెరిగినది. నోబెలు బహుమానమునందిన వెంకట్రామన్ రామకృష్ణన్ గారు 2016లో దానిని సర్కసుతో పోల్చి, తా మిక దానికి పోమనిరి. 2019లో జలంధరు సమావేశమున మన తెలుగుదేశపు విశ్వవిద్యాలయాధిపతి యొకరు కౌరవులు పరీక్షనాళికలలో పుట్టినవారని చెప్పిరి. భారతమున నేతికుండలనుండి నూర్వురు పుట్టిన కథ యద్భుతమైన కల్పన. దానిని ప్రయోగశాల కీడ్చినవారు కావ్యమునకును శాస్త్రమునకును నొక్కమారే యపచారము చేసిరి. 2023లో కేంద్రవిజ్ఞానశాఖ ఆ సభకు తన ధనసహాయమును మానుకొన్నది. 2024 జనవరిలో జరుగవలసిన సమావేశము జరుగలేదు. వేలమంది వచ్చిన సభయు వట్టిపోవచ్చును. నూటయైదుగురు వచ్చిన సభయు దేశమున నొక శకమును మొదలిడవచ్చును. కావున 'ఎందఱు వచ్చిరి?' అని యడుగుటకు ముందు, 'వచ్చినవారేమి చేసిరి?' అని యడుగవలెను.

దోషములను చెప్పి యూరకుండుట విమర్శకు చాలును గాని సంస్కారమునకు చాలదు. కావున రాబోవు సభకు నాలుగు మనవులు చేయుచున్నాము. ఒకటి: ఆహ్వానపత్రికలో పేర్లు తగ్గించి, చర్చింపబోవు ప్రశ్నలు మూడు వ్రాయుడు. రెండు: అధ్యక్షోపన్యాసమును ముందుగా నచ్చొత్తించి పంపుడు, సభలో దానిని చదువక, దానిమీద ప్రశ్నలు వినుడు. మూడు: ఏ తీర్మానమైనను కర్తృవాక్యమున వ్రాయుడు - ఫలానివారు ఫలాని పనిని ఫలాని తేదీలోపల చేయుదురు, చేయువాడు దొరకని తీర్మానమును చదువనే చదువకుడు. నాలుగు: క్రొత్తసభను ప్రాతతీర్మానములతో మొదలిడుడు. చేసినది చెప్పుడు, చేయనిది చేయలేదని చెప్పుడు. 'చేయలేదు' అను మాట వినుటకైన జనులు వత్తురు. ఏమైనదో తెలియని చోటికి రారు. ఇందులో నేదియు ధనముతో గూడిన పని కాదు. సభావేళను మాత్రము ఉపాధ్యాయినుల నడిగి నిర్ణయింపుడు.

2022 ఆగస్టులో మన రాష్ట్రప్రభుత్వమువారు ఉపాధ్యాయుల హాజరును ముఖము గుర్తించు యంత్రముతో గైకొను పద్ధతి ప్రవేశపెట్టిరి. దాని మంచిచెడ్డలు వేఱువిషయము. బడిలో మా హాజరు చట్టమునకు లోబడినది. రాకున్న జీతము పోవును. వార్షికసభకు మేమిచ్చు హాజరు మాత్రము మా యిష్టము. కావుననే యది మా సంఘమును గూర్చి మేము దాపఱికము లేక చెప్పు మాట. ఆ ఖాళీకుర్చీలను నాయకులు నిందగా గాక, సభ్యులు వ్రాసిపంపిన యుత్తరముగా చదువవలెను. తరగతిలో పేరు పిలిచినప్పుడు పలుకని పిల్లను గూర్చి మంచి యుపాధ్యాయుడు మొదట అడుగు ప్రశ్న 'ఎంత పొగరు?' అని కాదు, 'ఎచ్చటికి పోయినది?' అని.

ఆ యుపాధ్యాయిని కాగితమునకు నకలు మేమడిగి తెచ్చుకొంటిమి. పందొమ్మిదిమందిలో నేడుగు రిప్పటికే బడి మానిరట. మిగిలిన పన్నిద్దఱు వచ్చు సంక్రాంతి తరువాత పోవు గ్రామములు నాలుగు. ఆ నాలుగు గ్రామములయందును మా సంఘసభ్యులున్నారు. వారికి మేముత్తరములు వ్రాసితిమి. ముగ్గురు బదులు వ్రాసిరి. ఇద్దఱు పిల్లలు వచ్చు తేదీ తెలుపుమనిరి. మూడవవారు తమ యూరినుండి పత్తితీతలకు పోవు పిల్లల పేర్లు నలుగురివి పంపి, వారు చేరు నూర నుపాధ్యాయుడెవరో కనుగొనుమని కోరిరి. ఆ యుపాధ్యాయు నింకను మేము కనుగొనవలసియున్నది. రాబోవు వార్షికసభకు మే మా పేర్లను వెంటగొని పోవుదుము. ఈమారు గంట మ్రోగినను కూర్చుండము.